విజ్ఞాన సర్వస్వ నిర్మాత కొమర్రాజు లక్ష్మణరావు

అయస్కాంతం అంటే ఏమిటి? నిఘంటువు తెరిస్తే, ఇనుమును ఆకర్షించేది అని అర్థం కనిపిస్తుంది. దానితో మాటకు అర్థం తెలుస్తుంది. కాని దారంతో వేలాడదీసిన అయస్కాంతం ఉత్తర దక్షిణాలనే ఎందుకు చూపుతుంది? నడిసముద్రంలో నావికులకు అది ఎట్లా ఉపయోగపడింది? ఈ ప్రశ్నలకు నిఘంటువులో సమాధానం ఉండదు. నిఘంటువు మాటకు అర్థం చెప్పి ఆగిపోతుంది. ఆ మాట వెనుక ఉన్న విషయాన్ని వివరించే గ్రంథం వేరు. భూమి, ఆకాశం, చెట్టు, పశువు, రోగం, ఔషధం, రాజ్యం, కావ్యం, గణితం, మతం - ఇట్లా ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో శాస్త్రాలలోని మాటలను అక్షర క్రమంలో చేర్చి, ఒక్కొక్కదానిని క్లుప్తంగా, స్పష్టంగా వివరించే ఆ గ్రంథాన్నే విజ్ఞాన సర్వస్వం అంటారు.

ఆధునిక పద్ధతిలో తెలుగువారికి మొట్టమొదటి విజ్ఞాన సర్వస్వాన్ని అందించడానికి పూనుకొన్న మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. ఆయన చదువు ఎక్కువగా సాగినది, తెలుగుపై మమకారం పెంచుకొన్నది తెలుగుదేశంలో కాదు; మరాఠీ, హిందీ భాషలు వినిపించే నాగపూరులో.

లక్ష్మణరావు 1877 మే 18న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. మునేటి ఒడ్డున ఉన్న ఆ గ్రామం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. తల్లి గంగమ్మ, తండ్రి వేంకటప్పయ్య. పసితనంలోనే తండ్రి మరణించడంతో కుటుంబ భారమంతా తల్లిపై పడింది. లక్ష్మణరావు ప్రాథమిక విద్య భువనగిరిలో సాగింది. ఆయన అక్క అచ్చమాంబ. ఆమెకు చిన్నతనంలోనే భండారు మాధవరావుతో వివాహం జరిగింది. మాధవరావు మధ్య పరగణాలలో ఇంజనీరుగా ఉద్యోగం చేసేవారు. అక్కాబావల అండతో చదువుకొనడానికి లక్ష్మణరావు నాగపూరు చేరుకొన్నారు.

నాగపూరులో బడి భాష వేరు, బజారు భాష వేరు. ఇంటిలో మాత్రమే తెలుగు. అటువంటి పరిస్థితులలో పిల్లలు మాతృభాషకు దూరం కావడం సహజం. లక్ష్మణరావు విషయంలో అట్లా జరగలేదు. ఆయన మరాఠీని శ్రద్ధగా నేర్చుకొని, ఆ భాషలో వ్యాసాలు రాయగలిగినంత పాండిత్యం సంపాదించారు. సంస్కృతం, ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ, ఉర్దూ భాషలలోనూ ప్రవేశం కలిగించుకొన్నారు. ఏ భాష నేర్చినా తెలుగును విడిచిపెట్టలేదు. ఇతర భాషలు నేర్చిన కొద్దీ, వాటిలో ఉండి తెలుగులో లేనివి ఏమిటో ఆయనకు స్పష్టంగా తెలిసివచ్చింది.

ఆ రోజులలో ఆడపిల్లలకు చదువు చెప్పించడం అరుదు. అచ్చమాంబకూ బడికి వెళ్ళే అవకాశం లభించలేదు. తమ్ముడు పాఠాలు చదువుకొంటూ ఉంటే ప్రక్కన కూర్చొని ఆమె తెలుగు, హిందీ నేర్చుకొన్నారు. అక్క ఆసక్తిని గమనించిన లక్ష్మణరావు ఆమెకు చేయూతనిచ్చారు. తరువాత ఆమె మరికొన్ని భాషలను కూడా అభ్యసించారు. పుట్టిన పిల్లలు పసితనంలోనే మరణించినా, ఆ దుఃఖాన్ని దిగమింగి చదువులోను, సేవలోను మనసు నిలిపారు. మనదేశంలోని ఉత్తమ స్త్రీల చరిత్రలను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే గ్రంథం రచించారు. 1902లో ఆమె రాసిన 'ధనత్రయోదశి' తెలుగులో వెలువడిన తొలి కథలలో ఒకటి. ఇంతటి విదుషీమణి ముప్పై ఏండ్ల వయసులో, 1905లో కన్నుమూశారు. ఆ లోటు లక్ష్మణరావును ఎంతగానో బాధించింది. మరుసటి సంవత్సరం జన్మించిన తన కుమార్తెకు ఆయన అచ్చమాంబ అనే పేరే పెట్టుకొన్నారు. ఆ అమ్మాయి పెరిగి వైద్యురాలై, 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. బడి గడప తొక్కని మేనత్త పేరు అట్లా పార్లమెంటు వరకు వెళ్ళింది.

లక్ష్మణరావు 1900లో బి.ఏ. పట్టం పొందారు. తరువాత మునగాల సంస్థానంలో ఉద్యోగంలో చేరి, ఉద్యోగం చేస్తూనే 1902లో ఎం.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. మునగాల అప్పట్లో ఒక విచిత్రమైన ప్రాంతం. చుట్టూ నిజాం రాజ్యం. మధ్యలో ఆ పరగణా మాత్రం ఇంగ్లీషువారి ఏలుబడిలోని కృష్ణా జిల్లాకు చెందినది. దాని జమీందారు నాయని వేంకట రంగారావు విద్యాభిమాని. లక్ష్మణరావు సంస్థానానికి దివానుగా పనిచేశారు. తీరిక దొరకని ఆ కొలువులో ఉంటూనే ఆయన భాషాసేవకు కావలసిన సమయాన్ని మిగుల్చుకొన్నారు. సంస్థానాధిపతి కూడా ఆయన ఆశయాలను తనవిగా భావించి అండగా నిలిచారు.

నిజాం రాజ్యంలో ఆ కాలాన తెలుగు మాట్లాడేవారు అధిక సంఖ్యలో ఉన్నా, పాలన, చదువు ఉర్దూలో సాగేవి. తెలుగు పుస్తకం చదువుకొందామంటే దొరికే చోటు లేదు. ఈ కొరత తీర్చాలని లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా మొదలైనవారు సంకల్పించారు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావు ఇంటిలో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. ఈ రెండూ తెలంగాణలో గ్రంథాలయోద్యమానికి పునాదిరాళ్ళు.

గ్రంథాలయం వెలసింది సరే, అందులో ఉంచడానికి పుస్తకాలు కావాలి కదా! తెలుగులో కావ్యాలు, పురాణాలు, శతకాలు ఉన్నాయి. కాని చరిత్ర, రసాయన శాస్త్రం, పదార్థ విజ్ఞానం, జీవశాస్త్రం, అర్థశాస్త్రం వంటి విషయాలపై సామాన్యులు చదివి గ్రహించదగిన పుస్తకాలు చాలా తక్కువ. ఇంగ్లీషు వచ్చినవారికే ఆ జ్ఞానం అందుతుంటే, రానివారి గతి ఏమిటి? ఇంగ్లీషు నేర్చేవరకు రైతూ, చేతిపనివాడూ, గృహిణీ లోకజ్ఞానానికి దూరంగా ఉండవలసిందేనా? ఈ ప్రశ్న లక్ష్మణరావును వెంటాడింది. దానికి సమాధానంగా 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు మొదలైన ఉత్సాహవంతులు ఆయనకు తోడయ్యారు. మండలి మొదటి ప్రచురణ గాడిచర్ల రచించిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. తరువాత చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము', ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం మొదలైన గ్రంథాలు వెలువడ్డాయి. లక్ష్మణరావు స్వయంగా భారతదేశ చరిత్రను హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అనే పేర్లతో రచించారు. అంతకుముందే ఆయన శివాజీ చరిత్రను తెలుగువారికి అందించారు.

కొద్ది సంవత్సరాలకు మండలి కార్యస్థానం మద్రాసుకు మారింది. అప్పటికి మద్రాసు తెలుగు పత్రికలకు, ముద్రణాలయాలకు, పండితులకు నిలయం. లక్ష్మణరావు నివాసం కూడా మద్రాసుకే మారింది. ఆయన ఇంటి పేరు వేదవిలాసం. ఆ ఇల్లు ఎందరో తెలుగు పెద్దలకు విడిది. సంఘ సంస్కర్త కందుకూరి వీరేశలింగం 1919లో తుదిశ్వాస విడిచినది ఆ ఇంటిలోనే.

ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క పుస్తకం వెలువరిస్తూ ఉండగా, లక్ష్మణరావు మనసులో ఇంకా పెద్ద సంకల్పం రూపుదిద్దుకొంది. అన్ని శాస్త్రాల సారాన్ని ఒక్కచోట చేర్చాలి. ఏ మాట గురించి తెలుసుకోవాలన్నా తెలుగువాడు ఒక్క గ్రంథం తెరిస్తే చాలునన్నట్లు ఉండాలి.

ఈ ఆలోచన లోకానికి క్రొత్తది కాదు. మన పూర్వులలోనూ ఇటువంటి ప్రయత్నం చేసినవారు ఉన్నారు. పన్నెండవ శతాబ్దంలో, నేటి కర్ణాటకలోని కల్యాణం రాజధానిగా పాలించిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రచించాడు. రాజనీతి, వైద్యం, వంట, సంగీతం, ఆటలు - ఇట్లా నూరు అధ్యాయాలలో ఎన్నో విషయాలను అందులో పొందుపరచాడు. ఫ్రాన్సు దేశంలో దిదెరో సంపాదకత్వంలో 1751 నుండి వెలువడిన మహాకోశం ఐరోపా ఆలోచననే మార్చివేసింది. స్కాట్లండులోని ఎడింబరోలో 1768లో బ్రిటానికా ప్రారంభమైంది. దాని మొదటి కూర్పు మూడు సంపుటాలే. 1910-11లో పదకొండవ కూర్పు వెలువడే నాటికి అది 29 సంపుటాలకు పెరిగింది. వంగభాషలో నగేంద్రనాథ బసు 22 సంపుటాల విశ్వకోశాన్ని 1911 నాటికి పూర్తిచేశారు. సింగారవేలు ముదలియారు తమిళంలో 'అభిధాన చింతామణి'ని 1910లో ప్రకటించారు. పొరుగు భాషలు ఇట్లా ముందుకు సాగుతూ ఉంటే తెలుగు వెనుకబడి ఉండరాదని లక్ష్మణరావు నిశ్చయించుకొన్నారు.

సంకల్పించడం ఒక ఎత్తు, నెరవేర్చడం మరొక ఎత్తు. 'అ' అనే ఒక్క అక్షరాన్ని తీసుకొందాం. అంకగణితం, అగ్నిపర్వతం, అజంతా, అతిసారం, అద్వైతం, అమెరికా, అయస్కాంతం, అరటి, అలంకారం, అశోకుడు - ఈ పది మాటలను వివరించాలంటే గణితవేత్త, భూగర్భ శాస్త్రవేత్త, చిత్రకళ తెలిసినవాడు, వైద్యుడు, వేదాంతి, భూగోళం ఎరిగినవాడు, పదార్థ విజ్ఞాని, వృక్షశాస్త్రవేత్త, సాహిత్య పండితుడు, చరిత్రకారుడు - ఇంతమంది కావాలి. వారిలో ఇంగ్లీషు చదువు చదివినవారికి శాస్త్రం తెలుసు, తెలుగులో రాసే అలవాటు తక్కువ. పండితులకు తెలుగు తెలుసు, క్రొత్త శాస్త్రాలతో పరిచయం తక్కువ. ఈ ఇద్దరినీ ఒక్క తాటిపైకి తేవలసిన బాధ్యత సంపాదకునిది.

అంతకన్నా పెద్ద చిక్కు మాటలది. క్రొత్త శాస్త్రాలలోని భావాలకు తెలుగులో స్థిరమైన మాటలు అప్పటికి లేవు. ఒకే భావానికి ఒకరు ఒక మాట, మరొకరు మరొక మాట వాడితే చదువరి తికమక పడతాడు. ఏ శాస్త్రంలోనైనా ఒక్కొక్క భావానికి నిశ్చయించి పెట్టుకొన్న పేరునే పారిభాషిక పదం అంటారు. అటువంటి పదాలను సంస్కృతం నుండి కూర్చుకోవాలి, లేదా ప్రజల వాడుకలో ఉన్నవాటిని వెదికి పట్టుకోవాలి. ఆ పదానికి ఇచ్చే నిర్వచనం కొద్ది మాటలలో ఉండాలి. అయినా ఏదీ వదలకూడదు, అనవసరమైనది చేరకూడదు. నాలుగు పుటలు రాయడం కన్నా నాలుగు వాక్యాలలో సరిగా నిర్వచించడం కష్టం. ఎందుకంటే విషయం పూర్తిగా తెలిసినవాడే దానిని క్లుప్తంగా చెప్పగలడు.

ఇన్ని కష్టాలు ఎరిగి కూడా లక్ష్మణరావు పనికి పూనుకొన్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖర శర్మ, రాయప్రోలు సుబ్బారావు వంటివారు ఆయనకు సహాయకులయ్యారు. పండితుల చేత వ్యాసాలు రాయించి, వాటిని సరిదిద్దారు. రాసేవారు దొరకని విషయాలను తామే చదివి, తామే రాశారు. వేదం నుండి గణితం వరకు ఏ విషయమైనా ఆయన కలానికి లొంగింది. 1915లో 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' మొదటి సంపుటం వెలువడింది. తరువాత మరి రెండు సంపుటాలు వచ్చాయి. ఇంగ్లీషు కోశాన్ని ముందు పెట్టుకొని అనువదించిన గ్రంథం కాదది. మన దేశానికి, మన ప్రజలకు కావలసిన విషయాలకు అందులో పెద్దపీట వేశారు.

కాని కాలం ఆయనకు అనుకూలించలేదు. 1914లో ప్రారంభమైన మొదటి ప్రపంచ యుద్ధం నాలుగు సంవత్సరాలు సాగింది. కాగితం కరవై, ధర పెరిగిపోయింది. ఇటువంటి గ్రంథానికి ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. దీనికి తోడు ఉబ్బసం వ్యాధి లక్ష్మణరావును పీడించసాగింది. ఊపిరి తీయడమే కష్టమైన రోజులలోనూ ఆయన పుస్తకాలను, శాసనాలను విడిచిపెట్టలేదు. చరిత్ర పరిశోధన సాగిస్తూనే వచ్చారు. ఆ పరిశోధన వ్యాసాలు తరువాత 'లక్ష్మణరాయ వ్యాసావళి' పేరుతో పుస్తకంగా వచ్చాయి. విజ్ఞాన సర్వస్వాన్ని తిరిగి ప్రారంభించాలనే కోరిక మాత్రం తీరలేదు. 1923 జూలై 12న మద్రాసులో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు నలభై ఆరు సంవత్సరాలే.

మూడు సంపుటాలు వెలువడినా ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము 'అ' అనే అక్షరాన్ని దాటలేదు. అక్షరమాలలో మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయిన పనిని విఫలమైన ప్రయత్నం అనవచ్చునా? ఆ తరువాత జరిగిన సంగతులు చూస్తే అట్లా అనడానికి వీలులేదని తెలుస్తుంది.

లక్ష్మణరావు మరణానంతరం ఆ బాధ్యతను కాశీనాథుని నాగేశ్వరరావు తలకెత్తుకొన్నారు. బొంబాయిలో అమృతాంజనం స్థాపించి, అక్కడే 1908లో ఆంధ్రపత్రికను ప్రారంభించిన ఆయన కూడా తెలుగుదేశానికి దూరంగా ఉంటూ తెలుగుకు సేవ చేసినవారే. సర్వస్వాన్ని సంస్కరించి మరల ప్రకటించడానికి ఆయన 1930వ దశకంలో కృషి చేశారు. 1938లో ఆయన మరణించడంతో ఆ పని మరొకసారి ఆగింది. మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషాసమితి, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత శాస్త్రానికొక సంపుటం చొప్పున విజ్ఞాన సర్వస్వాన్ని ప్రచురించింది. హైదరాబాదులో ఎనిమిది సంపుటాల 'సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశము' అక్షర క్రమంలో వెలువడింది. సర్వస్వం పనిలో శిక్షణ పొందిన మల్లంపల్లి సోమశేఖర శర్మ తెలుగువారి చరిత్రకారులలో అగ్రగణ్యులయ్యారు. 2003లో అంతర్జాలంలో తెలుగు వికీపీడియా మొదలైంది. ఊరూరా ఉన్న తెలుగువారు జీతం ఆశించకుండా దానికి వ్యాసాలు రాస్తున్నారు. అందులో విశేష కృషి చేసినవారికి ఇచ్చేందుకు ఏర్పరచిన పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు పేరే పెట్టారు. ఆయన 'అ' దగ్గర ఆపిన కలాన్ని ఎన్నో చేతులు అందుకొని ముందుకు నడిపించాయి.

పొరుగు భాషలలోనూ ఇటువంటి కృషి సాగింది. కేత్కర్ 1920వ దశకంలో మరాఠీలో 23 సంపుటాల జ్ఞానకోశాన్ని వెలువరించారు. కన్నడంలో శివరామ కారంత పిల్లల కోసం 'బాల ప్రపంచ' అనే మూడు సంపుటాలు రచించారు. ఒడియాలో గోపాలచంద్ర ప్రహరాజ్ ఏడు సంపుటాల భాషాకోశాన్ని కూర్చారు. ఏ భాష గొప్పతనమైనా దానిని మాట్లాడేవారి సంఖ్యపై మాత్రమే ఆధారపడి ఉండదు. లోకంలోని జ్ఞానమంతా తమ భాషలో ఉండాలని పట్టుబట్టి పనిచేసినవారు ఉన్నప్పుడే భాష ఎదుగుతుంది.

పొరుగు భాషలు నేర్చుకోవడం వలన మాతృభాష తరగదని లక్ష్మణరావు జీవితం తెలుపుతుంది. మరాఠీలో పండితుడై, ఆ పాండిత్యాన్ని తెలుగు కోసం వినియోగించారు. నాగపూరులో ఒక ఇంటిలో అక్కాతమ్ముళ్ళు కలిసి చదువుకొన్న తెలుగు అక్షరాలే కాలక్రమంలో గ్రంథాలయాలుగా, గ్రంథమాలగా, విజ్ఞాన సర్వస్వంగా విస్తరించాయి. పెద్ద పనిని పూర్తి చేయగలమో లేదో అని సందేహిస్తూ కూర్చొనక, చేతనైనంతవరకు చక్కగా చేసి తరువాతివారికి అప్పగించడమే ఆయన చూపిన మార్గం.